సిస్టమ్ తీసుకోవట్లేదంటే పట్టికలో గడి లేదని అర్థం

ఇది పెద్ద పోస్టు. పనులన్నీ అయ్యాక నిదానంగా చదవండి.

ఈ పదేళ్లలో మనం ఎక్కువసార్లు విన్న మాట "సిస్టమ్ తీసుకోవట్లేదండీ". దానికి తోడబుట్టింది ఇంకోటి ఉంది, "ఆప్షన్ లేదండీ". పంట నమోదు దగ్గర ఇదే మాట. బ్యాంకు కౌంటర్లో ఇదే మాట. సబ్సిడీ విత్తనాల దగ్గర, నష్టపరిహారం దగ్గర, పాస్‌బుక్కులో పేరు దిద్దించుకునే దగ్గర కూడా ఇదే. ఆ మాట వినగానే మనలో కొందరు ఎదురుగా కూర్చున్న కుర్రాణ్ణి తిడతారు. కొందరు సర్వర్‌ని తిడతారు. ఇంకొందరు మన రాత ఇంతే అనుకుని తిరుగు బస్సెక్కుతారు.

నా అభిప్రాయం ఏంటంటే, మనం తిట్టాల్సిన చోటు తిట్టట్లేదు, అడగాల్సిన చోటు అడగట్లేదు. ఆ స్క్రీను వెనకాల ఒక పట్టిక ఉంటుంది. మనకు కనిపించే గడులన్నీ ఆ పట్టికలోంచి పుడతాయి. ఈ రోజుల్లో చాలాచోట్ల మనిషి కూర్చుని బొమ్మ గీసినట్టు స్క్రీను గీయడు. పట్టిక ఇస్తే మిషనే గీసేస్తుంది. పట్టికలో రాయని గడి స్క్రీను మీదికి ఎక్కడినుంచీ రాదు. రాస్తే మాత్రం కచ్చితంగా వస్తుంది. ఈ ఒక్క ముక్క మన రైతులందరికీ తెలిస్తే, ఆఫీసుల దగ్గర మన మాట తీరే మారుతుంది. అందుకే ఈ పోస్టు.

అడంగల్ చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు

అడంగల్ గుర్తు చేసుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, నీటి ఆధారం, వేసిన పంట, చివర్న రిమార్కులు. ఈ కాలమ్‌లు గీసినవాడు ఒక్కసారే గీస్తాడు. రాసేవాడు ప్రతి ఫసలీకీ రాస్తాడు. మన పేరు ఏ కాలమ్‌లోకి వెళ్తుంది, అసలు వెళ్తుందా లేదా అన్నది రాసేవాడికంటే ముందు గీసినవాడి చేతిలో ఉంది.

కంప్యూటర్లో కూడా అంతే. ఏ వివరాలు కావాలి, ఒక్కోటి ఏ రకం, తప్పనిసరా కాదా, ఎంతనుంచి ఎంతవరకు ఒప్పుకోవాలి అని ముందు ఒక జాబితా రాస్తారు. వాళ్ల భాషలో దీన్ని స్కీమా అంటారు. మనం పట్టిక అనుకుందాం. ఆ పట్టికను చదివి స్క్రీను తయారుచేసే ప్రోగ్రాములు వేరే ఉంటాయి. పట్టికలో రకం దగ్గర 'తేదీ' అని ఉంటే క్యాలెండరు వస్తుంది. 'అంకె' అని ఉంటే అంకెల కీబోర్డు వస్తుంది. 'ఫొటో' అని ఉంటే కెమెరా తెరుచుకుంటుంది. 'వీటిలో ఒకటి' అని ఉంటే గుండ్రటి చుక్కల లిస్టు, 'వీటిలో ఎన్నయినా' అని ఉంటే టిక్కు పెట్టే గడులు వస్తాయి. 'తప్పనిసరి' అని రాస్తే పక్కన చుక్క గుర్తు పడి, నింపకపోతే ముందుకు పోనివ్వదు. ఇదంతా ఎవరూ ఒక్కో స్క్రీనుకు కూర్చుని చెయ్యరు. సాలు ప్రకారం గొర్రు పోయినట్టు పట్టిక ప్రకారం స్క్రీను పోతుంది.

పది నిమిషాల్లో ఫారం

కిందటేడాది మా రైతుల కంపెనీలో సభ్యుల పంట వివరాలు, ఎవరికి ఏ విత్తనం ఎంత కావాలో రాసుకోవడానికి ఫోనులో ఫారం కావాల్సొచ్చింది. డబ్బులిచ్చి చేయించుకునే స్తోమత లేదు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన మా ఊరి అమ్మాయి ఉంది, తనని అడిగాం. ల్యాప్‌టాప్ తెచ్చి ఎక్సెల్ తెరిచింది. ముందు మూడే కాలమ్‌లు పెట్టింది. మొదటిది రకం, రెండోది లోపల వాడుకునే పేరు, మూడోది మనకు స్క్రీను మీద కనిపించే ప్రశ్న. ఒక్కో వరుస ఒక్కో ప్రశ్న. పక్క షీటులో పంటల లిస్టు: కంది, పత్తి, మిరప, శనగ, సజ్జ, ఆముదం. అంతే. ఆ ఫైలు ఒక వెబ్‌సైటులోకి ఎక్కించింది. టీ తాగేలోపు మా అందరి ఫోన్లలో ఫారం దిగింది. సిగ్నల్ లేని చేలో కూడా నింపొచ్చు, ఊళ్లోకొచ్చాక పంపొచ్చు.

"స్క్రీను ఎప్పుడు చేశావమ్మా?" అని అడిగాను. "నేను చెయ్యలేదు బాబాయ్, నేను లిస్టే రాశాను. స్క్రీను అదే చేసుకుంది" అంది.

తర్వాత గంటసేపు మేం పదిమందిమి ఆ లిస్టు మీద వాదులాడుకున్నాం. ఆ గంటలో నాకు తెలిసొచ్చిన సంగతులు మీకూ చెప్తాను, ఎందుకంటే మనం ఆఫీసుల్లో పడే తిప్పలన్నీ అందులోనే ఉన్నాయి.

ఒకటి, సర్వే నంబరు. పేరులో నంబరు ఉంది కదా అని రకం దగ్గర 'అంకె' అని రాస్తే, అంకెల కీబోర్డే వస్తుంది. మరి 112/2ఎ ఉన్నవాడు ఆ గీత, ఆ అక్షరం ఎక్కడ కొట్టాలి? సర్వే నంబరు పేరుకే నంబరు. దాన్ని ఎవరూ కూడరు, తీసివేయరు. కాబట్టి రకం 'అక్షరాలు' అని ఉండాలి. బ్యాంకు ఖాతా నంబరూ ఇంతే. ముందు సున్నా ఉన్న ఖాతాను అంకెగా తీసుకుంటే ఆ సున్నా రాలిపోతుంది.

రెండు, విస్తీర్ణం. 2 ఎకరాల 5 సెంట్లు ఉన్నవాణ్ణి ఒకే గడి చూపించి "ఎకరాలు" అంటే 2.5 అని కొడతాడు. మిషను దాన్ని రెండున్నర ఎకరాలు అనుకుంటుంది. అసలు కొట్టాల్సింది 2.05. తేడా 45 సెంట్లు. తెలంగాణ సోదరులకు ఇంకో చిక్కు, వాళ్లకు గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 2 ఎకరాల 5 గుంటలంటే లెక్కకు 2.125 ఎకరాలు. కాగితం మీద 2.05 అని రాసుకునే అలవాటు ఉన్నచోట అదే అంకె కొడితే లెక్క తప్పుతుంది. మందు ఏంటి? ఒక వరుసను రెండు చెయ్యడం. ఎకరాలు ఒక గడి, సెంట్లు ఒక గడి, సెంట్లు 99కి మించకూడదని పక్కన షరతు. గుంటలైతే 39. అమ్మాయి రెండు నిమిషాల్లో మార్చింది, స్క్రీను దానంతటదే మారింది.

మూడు, పంట. ఇదే అసలు గొడవ. మన మెట్టలో ఒకే చేలో ఒకే పంట వేసేవాళ్లు ఎంతమంది? పత్తిలో ఆరు సాళ్లకో ఎనిమిది సాళ్లకో కంది, గట్టు చుట్టూ జొన్నో ఆముదమో ఉంటుంది. మొదటి లిస్టులో 'పంట: వీటిలో ఒకటి' అని ఉంది. అంటే మన వ్యవసాయం పట్టేంత గది అందులో లేదు. ఆ రకాల్లోనే 'మళ్లీ మళ్లీ' అనేది ఒకటుంది. దాని మధ్యలో పంట పేరు, విస్తీర్ణం, విత్తిన తేదీ పెడితే, ఒక చేను కింద ఎన్ని పంటలుంటే అన్నిసార్లు ఆ గడులు తెరుచుకుంటాయి. ఒక వరుస పైన, ఒక వరుస కింద, అంత పనే.

నాలుగు, షరతుగా వచ్చే ప్రశ్న. "కౌలుకు చేస్తున్నారా?" అంటే 'అవును' అన్నవాడికే తర్వాతి మూడు ప్రశ్నలు కనిపిస్తాయి, మిగతావాళ్లకు కనిపించవు. దీనికి కూడా పట్టికలో ఒక కాలమ్ ఉంది.

ఐదు, తప్పు కొడితే వచ్చే మాట. పట్టికలో దానికీ ఒక కాలమ్ ఉంది. "సెంట్లు 99 దాటకూడదు, ఎకరాలు పై గడిలో రాయండి" అని తెలుగులో రాస్తే అదే కనిపిస్తుంది. ఖాళీగా వదిలేస్తే, ఇది చెల్లదు అని పొడిపొడిగా ఒక ముక్క వస్తుంది, ఏది ఎందుకు చెల్లదో చెప్పదు. మన చాలా యాప్‌లలో వచ్చే ఆ అర్థం కాని ఇంగ్లీషు ముక్క వెనకాల, ఎవరో బద్ధకించి ఖాళీగా వదిలేసిన గడి ఉంటుందని నా అనుమానం.

ఇది ఇవాళ్టిది కాదు

మనవాళ్లు కొందరు ఇదేదో కొత్త మాయ అనుకుంటారు. కాదు, దీనికి చరిత్ర ఉంది. ఫారం అంటే బొమ్మ కాదు, ముందు దాని వెనక డేటా ఏంటో రాయండి, చూపించే సంగతి తర్వాత అనే పద్ధతితో ఎక్స్‌ఫారమ్స్ అనే ప్రమాణాన్ని ఇంటర్నెట్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ సంస్థ 2003లో ఖాయం చేసింది. 2008లో అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీలో గాయెటానో బోరియెల్లో అనే ప్రొఫెసరు, ఆయన విద్యార్థులు ఆండ్రాయిడ్ ఫోన్లలో సర్వేలు చేయడానికి ఓపెన్ డేటా కిట్ మొదలుపెట్టారు. అది ఎక్స్‌ఫారమ్స్ దారిలోనే నడిచింది. మా అమ్మాయి వాడిన ఎక్సెల్ పద్ధతి ఆ కుటుంబానిదే. ఆరోగ్య సర్వేలు, తుఫాను నష్టం సర్వేలు ప్రపంచంలో చాలాచోట్ల ఇలాగే చేస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊళ్లో ఒక దినపత్రిక ఆఫీసులో పనిచేసే కుర్రాళ్లు వాళ్ల పని కోసం చేసుకున్న సాఫ్ట్‌వేర్ 2005లో జాంగో పేరుతో బయటికొచ్చింది. అందులో వివరాల పట్టిక రాస్తే చాలు, వాటిని ఎక్కించే, దిద్దే, వెతికే స్క్రీన్లు వాటంతటవే వస్తాయి. విలేకరులు వార్తలు ఎక్కించాలంటే ఒక్కోదానికి ఒక్కో స్క్రీను చేసుకుంటూ కూర్చునే టైము వాళ్లకు లేదు. పత్రిక ఆఫీసు కదా.

నాకు అన్నింట్లోకీ నచ్చింది ఐర్లండ్ సంగతి. రిచర్డ్ పాసన్ అనే ఆయన నేకెడ్ ఆబ్జెక్ట్స్ అనే పద్ధతి మీద 2004లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో థీసిస్ ఇచ్చాడు. అంటే ముసుగు లేకుండా ఉన్నదున్నట్టు చూపించడం. లోపల ఏ వివరాలున్నాయి, వాటితో ఏ పనులు చేయొచ్చు అన్నది మొత్తం స్క్రీను మీదికి అలాగే వచ్చేస్తుంది, మధ్యలో ఎవరూ కొన్ని దాచి కొన్ని చూపించరు. ఐర్లండ్ సంక్షేమ శాఖ దీన్ని పిల్లల భృతి చెల్లింపుల్లో వాడింది. ఆయన వాదన ఏంటంటే, కౌంటర్లో కూర్చున్న ఉద్యోగిని ఒకటి, రెండు, మూడు అని స్క్రీను నడిపించకూడదు. ఎదురుగా ఉన్న మనిషి సమస్య చూసి ఏ పని ముందు చేయాలో ఉద్యోగే నిర్ణయించుకునేలా అన్నీ తన చేతికి ఇవ్వాలి. చదివినప్పుడు మన కౌంటర్లలో పిల్లలు గుర్తొచ్చారు. వాళ్లకు మన కష్టం అర్థమవుతుంది, చెయ్యాలనీ ఉంటుంది. వాళ్ల స్క్రీనులో ఆ బటను ఉండదు. వాళ్ల మీద అరిచి ఏం లాభం?

మిషను గీసిన స్క్రీనులో మంచీ చెడూ

మంచి చెప్తాను ముందు. ఇలా పుట్టిన స్క్రీను అబద్ధమాడదు. పట్టికలో ఏముందో అదే చూపిస్తుంది. ఒకచోట మారిస్తే వెయ్యి ఊళ్ల ఫోన్లలో మారుతుంది. తక్కువ ఖర్చుతో అవుతుంది కాబట్టి మనలాంటి చిన్న సంఘాలు కూడా చేసుకోవచ్చు.

ఇందులోనే మనకు ఒక ఆయుధం ఉంది. ఇలా చేసిన చోట "సాఫ్ట్‌వేర్ మార్చడం కష్టమండీ, పైనుంచి రావాలి" అనే మాటలో మొదటి సగం నిజం కాదు. స్క్రీను మార్చడం వరుస రాసినంత పని. వెనకాల పాత లెక్కలతో కలపడానికి, పరీక్షించడానికి టైము పడుతుంది, అది ఒప్పుకుంటాను. మా అమ్మాయి రెండు నిమిషాల పని రాష్ట్రమంతటికీ రెండు నిమిషాల్లో కాదు. కానీ సీజన్లకు సీజన్లు పట్టే పని కూడా కాదు. రెండో సగం మాత్రం నిజం, పైనుంచి రావాలి. అంటే కష్టం మిషనుది కాదు, నిర్ణయానిది. ఇక నుంచి ఎవరైనా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు అంటే, ఎవరు ఒప్పుకోవాలో ఆ అధికారి హోదా చెప్పమని మర్యాదగా అడగండి.

ఇక చెడు. మిషనుకు ఏది ముఖ్యమో ఏది కాదో తెలియదు. పట్టికలో నలభై వరుసలుంటే నలభై గడులు ఒకదాని కింద ఒకటి పేర్చేస్తుంది. రైతు పేరూ, సీజను కోడూ దానికి ఒక్కటే. పట్టిక రాసినవాడు లోపల వాడుకునే పేర్లే బయటికి వదిలేస్తే మనకు అవే కనిపిస్తాయి, అందుకే కొన్ని యాప్‌లు ఎవరి భాషో అర్థం కాదు. వరుస కూడా పట్టికదే. మనం చేలో ముందు గట్టు చూస్తాం, తర్వాత పంట చూస్తాం, తర్వాత నీళ్లు. ఫారం ముందు ఆధార్ అడుగుతుంది, తర్వాత కులం అడుగుతుంది, పంట ఎక్కడో చివర్న. పట్టిక రాసినవాడు చేలో నిలబడి రాయలేదు, బల్ల ముందు కూర్చుని రాశాడు. మిషను ఆ బల్లనే మన చేలోకి మోసుకొచ్చింది.

ఒకసారి ఒక సర్వేలో నా చేను దగ్గర ఇదే జరిగింది. పత్తి, కంది కలిపి వేశాను. ఫారంలో ఒక్క పంటకే చోటు. వచ్చిన కుర్రాడు పాపం మంచివాడు, "ఏది రాయమంటారు?" అని నన్నే అడిగాడు. పత్తి రాయించాను. ఆ ఏడు వానలకు పూత రాలిపోయి దెబ్బతిన్నది కంది. కాగితం మీద నాకు కందే లేదు. లేని పంటకు నష్టం ఎవరిస్తారు? ఒకవైపు ప్రకృతి వ్యవసాయం వాళ్లు నవధాన్యాలు కలిపి చల్లమంటున్నారు, భూమికి అదే మేలు అంటున్నారు, నిజమే. ఇంకోవైపు ఫారం ఒక్క పేరు చెప్పమంటుంది. నేలకు మంచిది చేసిన రైతు లెక్కలో నష్టపోతున్నాడు.

కాగితానికి అంచు ఉండేది

పాత అడంగల్‌లో రిమార్కుల కాలమ్ ఎందుకు పెట్టారో ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. గీసినవాడికి ఊరంతా తెలియదని గీసినవాడికే తెలుసు. కాలమ్‌లలో పట్టని సంగతి అక్కడ రాసేవాళ్లు. ఆ చోటూ చాలకపోతే అంచులో రాసేవాళ్లు. కరణాల కాలమే బాగుండేది అని నేను అనను. ఆ అంచులో ఏం రాయాలో కరణం ఇష్టం, ఎవరి పేరు ఎవరి చేను మీదికి ఎక్కిందో మన పెద్దలను అడిగితే చెప్తారు. 1984లో ఆ వ్యవస్థ రద్దయినప్పుడు సంతోషించినవాళ్లు చాలామంది.

అయినా ఆ రిమార్కుల కాలమ్ అనే ఆలోచన మంచిది. ఫోనుకు అంచు లేదు. పట్టిక రాసేవాడు 'ఇతరములు, వివరం రాయండి' అనే వరుస పెడితేనే ఉంటుంది. అది పెట్టడం అన్నిటికంటే సులువు. ఎందుకు పెట్టరు? పెడితే జనం రాస్తారు. రాస్తే చదవాలి. చదవడానికి మనిషి కావాలి. లెక్కలు కూడటానికి అది అడ్డం వస్తుందని తీసేస్తారు. మన కష్టమంతా ఆ 'ఇతరములు'లోనే ఉంటే, దాన్ని తీసేసి కూడిన లెక్క ఎవరి లెక్క?

గడి లేకపోవడం రెండు రకాలు

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా విడదీసుకోవాలి, లేకపోతే ఉత్తపుణ్యానికి తిరుగుతాం.

మొదటి రకం, మర్చిపోయిన గడి. మిశ్రమ పంట, సర్వే నంబరులో అక్షరం, రెండు విడతలుగా విత్తిన చేను, సెంట్లు. వీటిని వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. రాసేటప్పుడు తట్టలేదు. వీటికి అర్జీ చాలు, గట్టిగా అడిగితే వస్తాయి.

రెండో రకం, కావాలని పెట్టని గడి. పీఎం కిసాన్ ఏటా 6,000 రూపాయలు భూమి పేరున్న రైతు కుటుంబాలకే ఇస్తారు. అందులో కౌలు రైతుకు గడి లేకపోవడం సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, పథకమే అలా రాశారు. మన రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో కార్డు కావాలంటే 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలి. స్క్రీనులో ఆ సంతకం గడి తప్పనిసరి అని చుక్క గుర్తు ఉంటే, ఆ గుర్తు చట్టంలోంచి వచ్చింది. సంతకం పెట్టడానికి యజమానులు ఎందుకు జంకుతారో మనందరికీ తెలుసు. అలాంటిచోట యాప్ బాగు చెయ్యమని అడిగితే లాభం లేదు, చట్టం గురించి అడగాలి. ఆఫీసు కుర్రాడితో కాదు, ఓట్లకొచ్చేవాళ్లతో.

ఈ రెండింటినీ కలిపేసి "టెక్నికల్ ప్రాబ్లం" అని ఒకే మాటతో పంపించేస్తున్నారు. ఆ మాట మొదటి రకానికి బద్ధకం, రెండో రకానికి ముసుగు. ఏది ఏదో పట్టిక చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడే ఎందుకు

ఎందుకంటే పెద్ద పట్టికలు ఇప్పుడే రాస్తున్నారు. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు ఆమోదం ఇచ్చింది. అందులో అగ్రిస్టాక్ అనేది ఉంది. దానికి మూడు పట్టికలు: రైతుల పట్టిక, ఊరి భూముల పటాల పట్టిక, వేసిన పంటల పట్టిక. మనలో చాలామంది తీసుకున్న 11 అంకెల రైతు నంబరు ఇందులోదే. రేపు అప్పు, బీమా, కొనుగోలు, పరిహారం అన్నిటి స్క్రీన్లూ ఈ మూడింటి మీద ఆధారపడతాయి. ఇవాళ వేసిన పంట దగ్గర ఒక్క పంటకే చోటు పెడితే రేపు బీమా స్క్రీనులో, కొనుగోలు స్క్రీనులో, బ్యాంకు స్క్రీనులో అదే ఒక్క చోటు పుడుతుంది. గట్టు వంకర పోతే చుట్టుపక్కల చేలన్నీ వంకర పోయినట్టు.

ఏఐ వస్తుంది, స్క్రీన్లు మాటతోనే చేసేస్తుంది అంటున్నారు. రానీండి. దానికి కూడా ఎవరో ఒకరు ఏ వివరాలు కావాలో చెప్పాలి కదా. చెప్పేచోట మనం లేకపోతే అదీ ఇదే స్క్రీను ఇంకా తొందరగా చేసిస్తుంది.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, న్యాయమైనదే. గడులు పెంచుకుంటూ పోతే ఊరంతా తిరిగే వ్యవసాయ సహాయకుడు చస్తాడు, ఒక్కో చేను దగ్గర అరగంట పడుతుంది అంటారు. నిజమే. అందుకే నేను పైన షరతు ప్రశ్న గురించి అంత చెప్పింది. "ఈ చేలో ఒకటికంటే ఎక్కువ పంటలున్నాయా?" అనే ఒక్క గడి చాలు. లేదు అంటే ముందుకు పోతుంది. ఉంది అంటేనే మిగతావి తెరుచుకుంటాయి. ఒకే పంట ఉన్న చేను దగ్గర ఒక్క క్షణం ఎక్కువ పట్టదు.

మనం చేయగలిగినవి

ఒకటి. ఏ కొత్త యాప్ వచ్చినా, మీ ఊరి సభలో, రైతుల మీటింగులో, ఏ ఏ వివరాలు అడుగుతుందో ఆ లిస్టు తెలుగులో కాగితం మీద ఇమ్మని అడగండి. ఇందులో రహస్యం ఏమీ లేదు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది, దాని కింద ఫలానా ఫారంలో ఉండే వివరాల జాబితా, రకాలు, తప్పనిసరి అయినవి ఏవి అని దరఖాస్తు పెట్టండి.

రెండు. "ఆప్షన్ లేదు" అంటే, ఆ మాటే రాసిమ్మని అడగండి. ఏ స్క్రీను, ఏ గడి, ఏం కావాలి, ఏం లేదు. ఫొటో తీసుకుని తేదీతో దాచండి. ఒక్కరిది ఫిర్యాదు. ఊళ్లో ముప్పైమందివి ఒకే గడి మీద ఉంటే అది లెక్క.

మూడు. అర్జీలో "యాప్ పనిచేయట్లేదు" అని రాయకండి. "పంట అనే వివరం ఒక చేనుకు ఒకటికంటే ఎక్కువసార్లు నమోదయ్యేలా పట్టిక మార్చాలి" అని రాయండి. మొదటిదానికి సర్వర్ బాగుచేశాం అని జవాబొస్తుంది. రెండోదానికి అలా తప్పించుకోలేరు.

నాలుగు. ఎక్కడ ఏ ఫారం పెట్టినా మూడు వరుసలు తప్పనిసరిగా ఉండాలని అడుగుదాం. 'ఇతరములు, వివరం రాయండి' ఒకటి. తప్పు కొడితే ఎందుకు తప్పో తెలుగులో చెప్పే మాట ఒకటి. నమోదయ్యాక మనం ఏం చెప్పామో అదే ఉందా అని మనకు చూపించి ఒప్పుకోలు తీసుకునే గడి ఒకటి.

ఐదు. మీ సంఘాల్లో, రైతుల కంపెనీల్లో మీ ఫారాలు మీరే రాసుకోండి. చదువుకున్న పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఎక్సెల్ వస్తే చాలు. మన పట్టిక మనం రాసుకోవడం అలవాటైతే, వాళ్ల పట్టికలో ఏం లేదో మనకు ఇట్టే కనిపిస్తుంది. మేం ఆ గంటసేపు వాదులాడుకోకపోయుంటే నాకూ ఇదంతా తెలిసేది కాదు.

రైతుకెందుకు ఈ సాఫ్ట్‌వేర్ గొడవ అని కొందరు కింద రాస్తారని తెలుసు. గట్టు రాయి ఎక్కడ పాతాలో సర్వేయరు పని కదా అని మనం ఇంట్లో పడుకుంటామా? గొలుసు పట్టుకున్న మనిషి పక్కనే నిలబడతాం, ఎండైనా సరే. ఇప్పుడు గొలుసు పట్టిక రూపంలో వచ్చింది. పక్కన నిలబడటం మాత్రం మనం మానేశాం.

మీ ఊళ్లో ఏ ఫారంలో ఏ గడి లేక ఇబ్బంది పడ్డారో కింద రాయండి. ఆఫీసు పేరు, మనిషి పేరు అక్కర్లేదు. ఏ వివరం అడిగారు, మీది ఎందుకు అందులో పట్టలేదు, ఆ రెండు ముక్కలు చాలు. అన్నీ ఒకచోట పేర్చి ఒకే అర్జీగా రాద్దాం. ఈసారి మన పట్టిక మనమే పట్టుకెళ్దాం.